పెళ్ళిలో తోబుట్టువుల కొట్లాట సినిమా: బూతు ఎక్కువైందా, గొడవ తక్కువైందా?

చివరివరుస:
ఎన్నాళ్ళుగానో లిస్టులో పడి ఉన్న ‘ద పీపుల్ వియ్ హేట్ ఎట్ ద వెడ్డింగ్’ నిన్న రాత్రి చూసేశాను. 2022 నవంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చింది. గంటా నలభై నిమిషాలు. చూడనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తా. తల్లి డోనా (ఆలిసన్ జానీ) అమెరికాలో ఉంటుంది. మొదటి భర్త ఫ్రెంచివాడు, బాగా డబ్బున్నవాడు. అతనితో పుట్టిన పెద్ద కూతురు ఎలోయీజ్ ఇంగ్లండులో దర్జాగా పెరిగింది. రెండో భర్తతో పుట్టిన ఆలిస్ (క్రిస్టెన్ బెల్), పాల్ (బెన్ ప్లాట్) అమెరికాలో మామూలుగా పెరిగారు. ఇప్పుడు ఇంగ్లండులో అక్క పెళ్ళి. చెల్లికీ తమ్ముడికీ వెళ్ళాలని లేదు, వెళ్ళక తప్పదు. వెళ్ళారు. ఇక రచ్చ మొదలు.

నవ్వానా అంటే నవ్వాను. నాలుగైదు చోట్ల గట్టిగానే. కానీ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆ జోకులు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాలేదు. గుర్తున్నదల్లా ఆ తల్లి మొహం.

నా అనుమానం, బూతు మరీ ఎక్కువైపోయి కథని మింగేసిందని. మీరేమంటారు?

ఇంటర్వెల్‌లోవచ్చా:
ఒక్కటే ప్రశ్న బ్రో. అమ్మానాన్నలతో కూర్చుని చూడొచ్చా?

చివరివరుస:
చూడొచ్చు. తర్వాత ఒక వారం ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, అంతే.

కత్తెరపని:
అది ‘ఆర్’ రేటింగ్ సినిమా. అమెరికా థియేటర్లలో ఆర్ అంటే పదిహేడేళ్ళ లోపువాళ్ళు అమ్మనో నాన్ననో, లేకపోతే వేరే పెద్దవాళ్ళనో వెంటబెట్టుకుని రావాలి. అంటే రూలు రాసినవాళ్ళ ఉద్దేశం ప్రకారం దీన్ని అమ్మానాన్నల పక్కన కూర్చునే చూడాలన్నమాట. ఆ రూలు పెట్టినవాడికి పిల్లలున్నారో లేదో!

ఇంటర్వెల్‌లోవచ్చా:
😂😂 వద్దులే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటా.

పెద్దక్కనేనే:
చివరివరుస గారూ, నేను ఒప్పుకోను. బూతు మీద నాకేం కోపం లేదు. నా కోపం అంతా అక్కని చూపించిన తీరు మీద. సినిమా సగం దాకా ఎలోయీజ్ అంటే మెరిసే బొమ్మ. మంచి ఇల్లు, మంచి బట్టలు, మంచి పెళ్ళికొడుకు. చెల్లీ తమ్ముడూ ఏడవడానికి ఒక కారణం కావాలి కాబట్టి ఆవిణ్ణి అక్కడ నిలబెట్టారు. కొట్లాటకి ఇద్దరు కావాలి కదండీ? ఒకళ్ళు విసురుతుంటే ఇంకొకళ్ళు నవ్వుతూ నిలబడితే దాన్ని కొట్లాట అనరు.

నేను ఇంట్లో పెద్దదాన్ని. నా సంగతి ఒకటి చెప్తా. మా చెల్లెలి పుట్టినరోజుకి మంచి వాచీ కొన్నాను. నా మొదటి ఉద్యోగం, మొదటి జీతం. వెనకాల ధర స్టిక్కరు తీయడం మర్చిపోయాను. అది ఆ వాచీ పెట్టుకునేది, స్టిక్కరు మాత్రం తీసేది కాదు. పదకొండేళ్ళు! మొన్నామధ్య ఇల్లు సర్దుతుంటే సొరుగులో దొరికింది. బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, స్టిక్కరు మాత్రం మూలలు లేచిపోయి అలాగే ఉంది. “ఎందుకు తీయలేదే” అంటే, “నువ్వు మర్చిపోయావని నేనెప్పుడూ అనుకోలేదక్కా” అంది.

ఉన్న తోబుట్టువు ఏం ఇచ్చినా లేని తోబుట్టువుకి అందులో స్టిక్కరే కనిపిస్తుంది. ఈ సినిమాకి ఆ సంగతి తెలుసు. ఖరీదైన శుభలేఖ చూడగానే వాళ్ళిద్దరి మొహాలు మాడిపోవడంలో అది ఉంది. కానీ అక్కడే తవ్వకుండా గబగబా పడగ్గది జోకులోకి పరిగెత్తింది.

చివరివరుస:
వాచీ కథ బావుంది అక్కా. సినిమా కంటే బావుంది.

సబ్‌టైటిల్‌పిచ్చి:
నాకు వేరే గొడవ ఉంది. ఇలాంటి సినిమాల గురించి మనవాళ్ళు రాసేటప్పుడు ఎలోయీజ్‌ని అందరూ “సవతి అక్క” అంటున్నారు. తప్పు. సవతి అంటే ఒకే మొగుడికి ఇంకో భార్య. తండ్రి ఒకడై తల్లులు వేరైతే ఆ పిల్లలు సవతి పిల్లలు. ఇక్కడ తల్లి ఒకతే, తండ్రులు వేరు. ముగ్గురూ ఒక కడుపున పుట్టినవాళ్ళు. మన భాష లెక్కలో వీళ్ళు నికార్సైన ఏకోదరులు! సహోదరులన్నా అదే అర్థం. తండ్రి వేరైనంత మాత్రాన సగం అక్క అనడానికి మన దగ్గర సరైన మాటే లేదు.

ఇంగ్లీషులో ఆ ‘హాఫ్’ అనే మాట ఆలిస్‌కి ఎంత వాడుకలో ఉందో చూడండి. అక్క మీద కోపం వచ్చినప్పుడల్లా అది కత్తిలా పనికొస్తుంది. తెలుగులో ఆ కత్తి లేదు. నిజంగా ఇది తెలుగులోకి డబ్బింగ్ చేయాల్సి వస్తే నేనైతే “అక్క” అని వదిలేసి, తిట్టాల్సిన చోట “మీ నాన్న కూతురివి” అనిపిస్తాను.

పెద్దక్కనేనే:
“మీ నాన్న కూతురివి”. అబ్బ. ఇంత మర్యాదగా ఇంత గట్టిగా తిట్టొచ్చని ఇప్పుడే తెలిసింది.

నిద్రలేనిరాత్రి:
ఇంత సీరియస్సా గురూ? ఇది టైంపాస్ సినిమా. పెళ్ళీ, రచ్చా, బూతూ కావాలంటే ‘మైక్ అండ్ డేవ్ నీడ్ వెడ్డింగ్ డేట్స్’ (2016) చూడండి. అన్నదమ్ములిద్దరూ ప్రతి ఫంక్షనూ నాశనం చేస్తుంటే, చెల్లెలి పెళ్ళికి బుద్ధిమంతులైన అమ్మాయిల్ని వెంటబెట్టుకురమ్మని తండ్రి ఆర్డరేస్తాడు. వాళ్ళు తెచ్చిన అమ్మాయిలు వీళ్ళకంటే పోకిరీలు. పెళ్ళికి వెంట రావడానికి అమ్మాయిలు కావాలని నిజంగానే ప్రకటన ఇచ్చిన అన్నదమ్ములు అమెరికాలో ఉన్నారు, 2013లో. దాంట్లోంచి తీశారు. చెల్లెలి మొహానికి బండి తగిలి కమిలిపోయే సీను ఒక్కటి చాలు.

కత్తెరపని:
ఆ సీనుకి థియేటర్లో నేనూ నవ్వాను. కానీ అందులో అన్నదమ్ములకి ఒకరి మీద ఒకరికి నిజమైన కోపం ఏమీ ఉండదు నిద్రలేని గారూ. ఇద్దరూ ఒకే తాను గుడ్డ. ఈ థ్రెడ్ తోబుట్టువుల పగ గురించి కదా.

అసలు విషయానికి వస్తా. నేను ఎడిటింగ్ టేబుల్ మీద బతికేవాణ్ణి, అందుకని ఒక మాట చెప్పాలి. ఈ సినిమా డైరెక్టర్ క్లేర్ స్కాన్లన్ మొదట ఎడిటరు. ‘ద ఆఫీస్’ అనే టీవీ కామెడీ సీరియల్ చివరి ఎపిసోడు ఎడిటింగుకి 2013లో ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) వచ్చింది, ఇంకొకరితో కలిపి. ఆ సీరియల్ చూసినవాళ్ళకి తెలుసు, అందులో నవ్వు జోకు చెప్పినవాడి మీద ఉండదు. చెప్పగానే కెమెరా పక్కవాడి మీదకి తిరుగుతుంది, వాడు నోరు తెరిచి మూసే ఆ అరసెకను మీద ఉంటుంది. అలాంటి చేతుల్లో ఇలాంటి కథ పడితే నేను చాలా ఆశపడ్డాను.

ఇక్కడ ఏమైందంటే, ఒకడు పచ్చి మాట అంటాడు. రెండోవాడు ఇంకా పచ్చి మాట అంటాడు. మూడోది అందుకుంటుంది. అందరూ అనేవాళ్ళే, వినేవాడు లేడు. బూతు మాటకి బలం అనేవాడి నోట్లో ఉండదు, వినకూడనివాడు పక్కనే ఉండటంలో ఉంటుంది. అందరూ వినగలిగినవాళ్ళే అయితే ఆ మాటలో ఏముంది? మామూలు మాటే.

చివరివరుస:
అదే! అందుకే నాకు తల్లి మొహం ఒక్కటే గుర్తుంది. ఆ ఇంట్లో వినేది ఆవిడే.

కత్తెరపని:
కరెక్ట్. ఆలిసన్ జానీకి 2018లో ఆస్కార్ ఇచ్చింది కూడా తల్లి పాత్రకే, ‘ఐ, టోన్యా’లో. అక్కడ కూతుర్ని మాటలతో చితక్కొట్టే తల్లి. ఇక్కడ మాటలు పడే తల్లి. ఆవిడకి రెండూ వచ్చు.

బంతిభోజనం:
క్రిస్టెన్ బెల్ సంగతి ఎవరూ అనలేదేం? ‘ఫ్రోజెన్’లో ఆనాకి గొంతిచ్చింది ఈవిడే. అక్క కోసం మంచుకొండలెక్కిన చెల్లి గొంతు. మా పాపకి ఆ సినిమా డైలాగులన్నీ నోటికొచ్చు. అదే గొంతుతో ఇక్కడ అక్కని నానా మాటలూ అంటుంటే నా చెవులు నమ్మలేదు. సౌండ్ తగ్గించేశాను, పక్క గదిలో పాప లేస్తుందేమోనని. అదొక్కటే నాకు సినిమాలో నిజమైన టెన్షన్.

ఇంటర్వెల్‌లోవచ్చా:
ఆలిస్ పెళ్ళైన బాసుతో తిరుగుతుంటుంది కదా, ఆనా అలా చేస్తుందా అండీ 😭

బంతిభోజనం:
నా మనసు ఇంకా విరవకు తమ్ముడూ.

సబ్‌టైటిల్‌పిచ్చి:
కత్తెర గారి మాటకి ఒక చేర్పు. ఈ స్క్రిప్టు రాసిన లిజీ మాలినో-లోగెలిన్, వెండీ మాలినో ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. గ్రాంట్ గిండర్ 2017లో రాసిన నవల దీనికి ఆధారం. వీళ్ళు ‘బాబ్స్ బర్గర్స్’ కార్టూన్ సీరియల్‌కి ఏళ్ళ తరబడి రాశారు. అందులో ముగ్గురు పిల్లలు రోజంతా కీచులాడుకుంటూనే ఒకరి మీద ఇంకొకరు ప్రాణం పెట్టుకుని ఉంటారు. ఇంత అనుభవం ఉండి, నిజంగా ఒక ఇంట్లో పుట్టిన ఇద్దరు రాసి కూడా, తోబుట్టువుల తిట్లు ఇంత తెచ్చిపెట్టుకున్నట్టు ఎలా ఉన్నాయో నాకు అంతుపట్టలేదు.

అక్కచెల్లెళ్ళు నిజంగా తిట్టుకునేటప్పుడు బూతులు తక్కువ. “నువ్వెప్పుడూ ఇంతే” అంటారు. ఆ “ఎప్పుడూ”లో పాతికేళ్ళ లెక్క ఉంటుంది. బయటివాళ్ళని తిట్టడానికి బూతు కావాలి, ఇంట్లోవాళ్ళకి తారీఖు చెప్తే చాలు.

పెద్దక్కనేనే:
తారీఖు, టైమూ, ఆ రోజు ఎవరు ఏ రంగు బట్టలేసుకున్నారో కూడా.

నిద్రలేనిరాత్రి:
సరే పెద్దలూ, మీరు చెప్పేది బూతు కామెడీలో బూతు వద్దనా? మరి పేరెందుకు? ఉప్మాలో రవ్వ ఎక్కువైందన్నట్టుంది.

కత్తెరపని:
వద్దని ఎవరన్నారు? ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ (2011) తీసుకోండి. బట్టల షాపు సీను. అంతకంటే రోత సీను పెళ్ళి సినిమాల్లో లేదేమో. పెళ్ళికూతురు లిలియన్, ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఆనీ, కొత్తగా దగ్గరైన డబ్బున్న స్నేహితురాలు హెలెన్. వీళ్ళు తోబుట్టువులు కాదు గానీ కోపం అచ్చం అదే, అమ్మ ఒడి ఎవరిదన్న కోపం. చేతిలో డబ్బుల్లేని ఆనీ అందర్నీ ఒక చవక హోటలుకి తీసుకెళ్తుంది. తర్వాత ఖరీదైన పెళ్ళి గౌన్ల షాపులో అందరికీ ఒకేసారి కడుపులు తిరుగుతాయి. ఆ గోల అందరికీ గుర్తుండే ఉంటుంది, నేను వర్ణించను.

నేను చెప్పేది దాని పక్కన ఉన్న సీను. హెలెన్‌కి ఏమీ కాదు. ఆనీకి కడుపులో దేవుతోంది. చెమటలు, మొహం పాలిపోయింది. నాకేం కాలేదు, బానే ఉన్నానంటుంది. ఒప్పుకుంటే తన హోటలు చెత్తదని ఒప్పుకున్నట్టే కదా. అప్పుడు హెలెన్ చక్కెర పూత పూసిన ఒక బాదం గింజ తీసి ఇస్తుంది, ఆకలిగా ఉందన్నావుగా తిను అన్నట్టు. ఆనీ ఆ గింజని నోట్లో పెట్టుకుని, ఆవిడ కళ్ళలోకి చూస్తూ నములుతుంది. మాటల్లేవు. ఆ గింజ నమలడంలో ఉంది సినిమా అంతా. వెనకాల జరుగుతున్న రోత మొత్తం ఆ ఒక్క గింజ కోసం.

ఇంకో విశేషం, ఆ సీను క్రిస్టెన్ విగ్, ఆనీ మమోలో రాసిన మొదటి స్క్రిప్టులో లేదు. డైరెక్టరూ నిర్మాతా పట్టుబట్టి పెట్టించారు. అయినా వీళ్ళు దాన్ని తమ కథలోకి లాక్కున్నారు. ఆ స్క్రిప్టుకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

చివరివరుస:
అంతకు ముందు పార్టీలో మైకు సీను కూడా. ఇద్దరూ పెళ్ళికూతుర్ని పొగుడుతూ ఒకరి చేతిలోంచి ఒకరు మైకు లాక్కోవడం. ఒకళ్ళు ముగించారనుకునేలోపు ఇంకోళ్ళు. ఒక్క బూతు ముక్క లేదు. నేను సోఫాలో మెలికలు తిరిగిపోయాను.

నిద్రలేనిరాత్రి:
ఓకే, బాదం గింజ ఒప్పుకున్నా. మరి ‘వెడ్డింగ్ క్రాషర్స్’ (2005)? ఆ కథ తోబుట్టువుల పగ మీద నడవదు. పిలవని పెళ్ళిళ్ళకి వెళ్ళి అమ్మాయిల్ని పట్టడమే. ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ లాగే అదీ ప్రపంచం మొత్తం మీద 28 కోట్ల డాలర్లు దాటింది. జనం చూశారుగా.

కత్తెరపని:
చూశారు. జనం చూడలేదని నేను అనలేదు. నేనూ రెండుసార్లు చూశా, రెండోసారి టికెట్ కొనకుండా 😄 (టీవీలో వచ్చిందండీ, పోలీసుల్ని పిలవకండి.)

తర్కంతాత:
ఈ థ్రెడ్ ఆలస్యంగా చూశాను. బాబులూ, మీరందరూ బూతు అనే ఒక్క మాటతో నాలుగు రకాల్ని కట్టేస్తున్నారు. ద్వంద్వార్థం వేరు, పచ్చిగా అనడం వేరు, రోత వేరు, మోటు సరసం వేరు. ద్వంద్వార్థంలో సగం పని వినేవాడిది. అనేవాడు అమాయకంగా నిలబడతాడు, పాపం అంతా విన్నవాడికి అంటుకుంటుంది. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా సెన్సారు కోడు గట్టిగా నడిచినప్పుడు అక్కడా ఇదే పని. తెర మీద పడగ్గది సరసం చూపించకూడదు కాబట్టి మొగుడూ పెళ్ళాలు గంటన్నర పోట్లాడుకునేవాళ్ళు. ఆ పోట్లాటే సరసం. 1968లో కోడు పోయి రేటింగులు వచ్చాక ఏదైనా అనొచ్చు. ఏదైనా అనగలిగే రోజు వచ్చాక అనకుండా ఆగడం ఎవరికీ చేతకాలేదు.

నిద్రలేనిరాత్రి:
తాతగారూ, పాత సినిమాలే గొప్పవి అనే థ్రెడ్ పక్కన ఉంది. అక్కడ మీకు కుర్చీ వేసి ఉంచారు.

తర్కంతాత:
ఆ కుర్చీ నాదే, నేనే వేసుకున్నా. నువ్వు వచ్చి నా పక్కన కూర్చోడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుంది. ఖాళీగానే ఉంచుతాలే.

మోడరేటర్:
ఇద్దరూ ఇక చాలు. కుర్చీల చర్చ వేరే చోట. ముగింపు గురించి రాసేవాళ్ళు ముందు హెచ్చరిక పెట్టండి, రెండు పోస్టులు తీసేయాల్సి వచ్చింది.

బంతిభోజనం:
హెచ్చరిక: కింద సినిమా గుట్టు ఉంది. చూడనివాళ్ళు దాటేయండి.

.
.
.

నాకు అసలు బాధ ఇక్కడ. పాల్‌కి తల్లి మీద కోపం ఎందుకు? తండ్రి పోగానే ఆవిడ ఆయన జ్ఞాపకాలన్నీ ఊడ్చేసి ముందుకెళ్ళిపోయిందని. మాట్లాడటం మానేశాడు. తర్వాత తెలుస్తుంది, పాల్ గే అన్న విషయాన్ని ఆ తండ్రి జీర్ణించుకోలేకపోయాడని. అది కొడుక్కి తెలియకుండా ఉండాలని తల్లి ఆ తప్పు తన మీద వేసుకుంది. వాడి దృష్టిలో తండ్రి మంచివాడిగా మిగలాలని, తను చెడ్డదై కూర్చుంది.

ఎంత పెద్ద విషయం ఇది! నిజంగా రాసుకుంటే ఈ ఒక్క రహస్యం చుట్టూ బూతులన్నీ తిరిగేవి. కొడుకు తన సంగతులు తల్లి ముందు పచ్చిగా మాట్లాడతాడనుకోండి. మనం నవ్వుతాం, ఆవిడ నవ్వదు. ఎందుకు నవ్వలేదో తర్వాత తెలుస్తుంది. అప్పుడు మనం నవ్విన నవ్వు మన గొంతులో ఇరుక్కుంటుంది. కానీ సినిమా ఏం చేసింది? పాల్‌ని ప్రియుడితో ఇంకో ఇంటికి పంపి, అక్కడ ముగ్గురి వ్యవహారంలో ఇరికించింది. ఆ సీన్లు వాటికవి సరదాగానే ఉన్నాయి. తల్లి మాత్రం ఊళ్ళో ఇంకో మూల మాజీ మొగుడితో కబుర్లు చెప్తోంది. రహస్యం ఒక గదిలో, జోకులు ఇంకో గదిలో.

చివరివరుస:
నేను మొదట అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు అనుకుంటా. బూతు కథని మింగలేదు. రెండూ అసలు ఎదురుపడలేదు.

పెద్దక్కనేనే:
ఆ తల్లి చేసింది నేను మెచ్చుకోలేను మాత్రం. దాచి దాచి ముగ్గురు పిల్లల మధ్యా చిచ్చు పెట్టింది. త్యాగం అంటారు గానీ, నోరు విప్పితే రెండు రోజుల ఏడుపుతో పోయేది ఏళ్ళ మౌనం అయింది.

బంతిభోజనం:
మీరు పెద్ద కూతురు కాబట్టి అలా అంటున్నారు. నేను తల్లిని. నేనూ దాస్తానేమో అక్కా.

ఆరోగది:
చాలాకాలంగా చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

మా తమ్ముడి పెళ్ళి. మేం ముగ్గురం అన్నదమ్ములం. అప్పటికి నాకూ మా అన్నయ్యకీ మూడేళ్ళుగా మాటల్లేవు. కారణం చెప్పుకుంటే సిగ్గు, ఒక పాత స్కూటర్. నాన్న పోయాక అది ఎవరు తీసుకున్నారన్నది. అమ్మ కోసం ఇద్దరం వెళ్ళాం, ఎదురుపడకుండా తిరిగాం. చివర్న ఫొటోగ్రాఫర్ “తోబుట్టువులు మాత్రమే రండి” అన్నాడు.

పెళ్ళికొడుకు మధ్యలో. అన్నయ్య ఆ చివర, నేను ఈ చివర. “కొంచెం దగ్గరికి రండి సార్.” ఇద్దరం చెరో అంగుళం జరిగాం. “ఇంకొంచెం.” ఇంకో అంగుళం. అతను కెమెరా దించి మా ఇద్దర్నీ చూశాడు. మూడోసారి అడగడానికి భయపడ్డాడు. చుట్టాలంతా చూస్తున్నారు, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. ఎవరో సెల్‌ఫోన్ కూడా ఆపేశారు. అంత నిశ్శబ్దంలో, మా కాళ్ళ దగ్గర కూర్చున్న అన్నయ్య కొడుకు, ఆరేళ్ళవాడు, గట్టిగా పిత్తాడు. చిన్నది కాదు. బాకా ఊదినట్టు మొదలై, చివర్లో ప్రశ్న అడిగినట్టు పైకి లేచింది.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు అన్నయ్య ముందుకి చూస్తూనే, పెదవి కదపకుండా, “స్కూటర్ స్టార్టయింది” అన్నాడు.

అంతే. నేను వంగిపోయాను. నిలబడలేక అన్నయ్య భుజం పట్టుకున్నాను. పెళ్ళికొడుకు కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫొటోగ్రాఫర్ తెలివైనవాడు, నొక్కుతూనే ఉన్నాడు. ఆ ఫొటో ఇప్పుడు మా అమ్మ గదిలో ఉంది. ఆ పిల్లాడికి ఇప్పుడు పదిహేడేళ్ళు, ఆ ఫొటో ఉన్న గదిలోకి స్నేహితుల్ని రానివ్వడు.

నిద్రలేనిరాత్రి:
నేను ఆఫీసులో చదివాను. మీటింగులో. ఇప్పుడు అందరూ నన్నే చూస్తున్నారు.

కత్తెరపని:
“చివర్లో ప్రశ్న అడిగినట్టు పైకి లేచింది.” గురువుగారూ, దండం.

నేను ఇందాక నాలుగు పేరాల్లో కొట్టుకున్నది మీరు ఒక్క మోతలో చెప్పేశారు. పిల్లవాడు వేరే ఎక్కడ ఆ పని చేసినా ఏముంది, ఛీ అని తలుపు తీస్తాం. ఆ నిశ్శబ్దం, ఆ అంగుళాలు, ఆ స్కూటర్ ఉండబట్టే.

తర్కంతాత:
ఆ అంగుళం అంగుళం జరగడం ఏ డైరెక్టరూ తీయలేడు. నిద్రలేని బాబూ, నువ్వేమంటావు?

నిద్రలేనిరాత్రి:
ఒప్పుకుంటున్నా తాతగారూ. కుర్చీ జరుపుకోండి, వస్తున్నా.

సబ్‌టైటిల్‌పిచ్చి:
దీనికి సరిగ్గా తిరగేసిన సీను ఒకటి ఉంది. ‘రేచల్ గెటింగ్ మ్యారీడ్’ (2008, జొనాథన్ డెమీ). అది బూతు కామెడీ కాదు, ఆన్ హాథవే నటించిన బరువైన కథ. కానీ విషయం ఇదే. మత్తుమందుల అలవాటు నుంచి కోలుకుంటున్న చెల్లి అక్క పెళ్ళికి ఇంటికొస్తుంది, ఇద్దరి మధ్యా పాత పగ. ఒక రాత్రి మామగారూ, కాబోయే అల్లుడూ గిన్నెలు కడిగే మిషన్లో ప్లేట్లు ఎవరు బాగా, తొందరగా సర్దుతారని పందెం వేసుకుంటారు. ఇల్లంతా చుట్టూ చేరి చప్పట్లు, కేకలు. మామగారు గెలుపు ఊపులో ఉన్నాడు. ఎవరో ఇంకొన్ని ప్లేట్లు అందిస్తారు. అందులో చిన్నపిల్లల ప్లేటు ఒకటి వస్తుంది. చనిపోయిన కొడుకుది. చెయ్యి ఆగిపోతుంది. అంతే, గది ఖాళీ.

ఆ పందెం రచయిత్రి జెన్నీ లుమెట్ ఇంట్లో నిజంగా జరిగిందట, వాళ్ళ నాన్న సిడ్నీ లుమెట్‌కీ డైరెక్టర్ బాబ్ ఫాసీకీ మధ్య. ఆ ప్లేటు మాత్రం కథ కోసం పెట్టుకున్నది. ఆరోగది గారి ఇంట్లో మౌనంలోకి నవ్వు దూరింది, అక్కడ నవ్వులోకి మౌనం దూరింది.

చివరివరుస:
అది నేను చూడలేదు. ఈ శనివారం.

బంతిభోజనం:
రుమాలు పక్కన పెట్టుకోండి. పాప పడుకున్నాక చూడండి. (మీకు పాప లేకపోయినా.)

ఇంటర్వెల్‌లోవచ్చా:
రిపోర్ట్! నేను ‘పీపుల్ వియ్ హేట్’ చూసేశా. అమ్మానాన్నలతో కాదు, అక్కతో. తను వేరే దేశంలో ఉంటుంది, ఇద్దరం ఫోన్లో ఒకేసారి ప్లే నొక్కి చూశాం. తనది మూడు సెకన్లు ముందు నడుస్తోంది. అంటే ప్రతి బూతు జోకుకీ ముందు అక్క “ఛీ” అనడం వినిపిస్తుంది, తర్వాత నాకు జోకు వస్తుంది. కత్తెర గారూ, మీరన్న వినేవాళ్ళ మొహం నాకు ఫ్రీగా దొరికింది. నేను మీ అందరికంటే ఎక్కువ నవ్వి ఉంటా.

ముగ్గురి సీను దగ్గర మాత్రం అక్క ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఇద్దరం దగ్గాం.

కత్తెరపని:
మూడు సెకన్లు ముందు అక్క! ఆ సినిమాకి కావాల్సిన ఎడిటింగ్ అదే.

పెద్దక్కనేనే:
అక్క ఏమందమ్మా, నచ్చిందా?

ఇంటర్వెల్‌లోవచ్చా:
అదే అసలు సమస్య అండీ. అయిపోయాక “మనిద్దర్లో ఎలోయీజ్ ఎవరు, ఆలిస్ ఎవరు?” అని అడిగింది. నెట్ కట్ అయినట్టు నటించి ఫోన్ పెట్టేశా. రాత్రి నుంచి మూడు మెసేజ్‌లు పెట్టింది. ఏం చెప్పమంటారు?

పెద్దక్కనేనే:
నిజం చెప్పు.

నిద్రలేనిరాత్రి:
నిజం చెప్పకు బ్రో.

ఆరోగది:
మీ ఇంట్లో స్కూటర్ ఉందా?

ఇంటర్వెల్‌లోవచ్చా:
లేదండీ. కారు ఉంది. అక్క పేరు మీద. నేను వాడుతున్నా.

ఆరోగది:
అయితే ఫోన్ చెయ్యి నాయనా. ఇప్పుడే.